హాజరు పట్టీలో ఒక గీత

పట్టాలు అందుకోబోతున్న పిల్లలకు ఒక మాట.

ఎన్నో ఏళ్లు తరగతిలో హాజరు పిలిచినవాణ్ణి. ఒక ఏడాది మొదటి వారంలోనే ఒక అబ్బాయి వరండాలో నన్ను ఆపి, "సార్, నా ఇంటిపేరు చదవకండి. పేరు ఒక్కటే పిలవండి" అన్నాడు. ఎందుకని అడగలేదు. అడగాల్సిన పని లేదు కూడా. ఆ పూటే పట్టీలో అతని ఇంటిపేరు మీద పెన్సిలుతో గీత గీశాను.

ఆ గీత తలుచుకుంటే నాకొక నవల గుర్తొస్తుంది. జి. కల్యాణరావు గారి 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. నేనెవరినని మనిషి తనలో తాను తవ్వుకునే నవల కాదది. లోకం నిన్ను ఏమని పిలుస్తోంది, ఆ పిలుపుకి నువ్వేం బదులిస్తున్నావు అని తరం తర్వాత తరాన్ని నిలబెట్టి అడుగుతుంది. చిన్నవాడు ఎల్లన్న వీధినాటకం చూడబోతే తరిమి కొట్టారు. పరిగెత్తి పరిగెత్తి కళాకారుడు నాగన్న దగ్గర పడ్డాడు. ఆట నేర్చాడు, పాట కట్టాడు, జనం నోట మాలబైరాగి అయ్యాడు. ఏ కులం పేరు చెప్పి తరిమారో, ఆ కులం పేరే కవి పేరైంది! ఆ చోటికి వచ్చిన ప్రతిసారీ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుంటాను.

ఎల్లన్న కొడుకు శివయ్య కరువులో ఊరొదిలి బకింగ్‌హామ్ కాలువ పనికి నడిచాడు. ఆకలి అందరిదీ ఒకటే అయినా అక్కడా అంటరానితనమే అడ్డొచ్చింది. మతం మారి సీమోను అయ్యాడు. పేరు కొత్తది, కులం మాత్రం చర్చిలోకీ వెంట వచ్చింది.

ఈ కథంతా చెప్పేది ఆ ఇంటి కోడలు రూతు. ఎల్లన్న పాటలు ఏ గ్రంథాలయంలోనూ లేవు. భర్త రూబేను చెప్పగా విన్నదాన్ని ఆమె తలపోసుకోబట్టే ఆ మనుషులు మన ముందుకొచ్చారు. రాసి పెట్టుకునే వీలు దక్కని వాళ్ల చరిత్రకి జ్ఞాపకమే కాగితమని రచయితకి తెలుసు. నవల నిర్మాణమే అలా కట్టాడు. పరీక్ష కోసం చదివినవాళ్లు, ఇక పరీక్ష లేదు గనక, మళ్లీ చదవండి.

ఆ అబ్బాయి చదువు ముగించి వెళ్లేదాకా పెన్సిలు గీత అలాగే ఉంది. ఈ పుస్తకం అతని చేతిలో పెట్టాలని నాకు అప్పుడు తోచలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇంకాసేపట్లో ఇక్కడ మీ పేర్లు చదువుతారు, ఇంటిపేరుతో సహా. వెనక వరసల్లో మీ అమ్మానాన్నలు చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. నేను తప్పుకుంటాను. పిలవండి.