పోత ఇనుము – టైటానియం : ఏది మేలు?
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన గంజాం తీరాన ఛత్రపురం ఇసుకలో నల్లని రేణువులు కనిపిస్తాయి. వాటిలో ముఖ్యమైనది ఇల్మనైట్. ఇనుము, టైటానియం, ఆక్సిజన్‌ల సంయోగమే ఈ ఖనిజం. ఒకే రేణువులో కలసివున్న ఈ లోహాలు బజారుకు చేరేసరికి ఒకటి చవక, మరొకటి మిక్కిలి ఖరీదు. ఖరీదైనదే మేలైనదా? అన్నది నేటి విషయం.

సుమారు 2 నుండి 4 శాతం కర్బనం గల ఇనుమే పోత ఇనుము. టైటానియం మిశ్రలోహాలలో విరివిగా వాడేది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపినది. లీటరు పరిమాణం గల పోత ఇనుప దిమ్మె సుమారు 7.2 కిలోలు తూగితే, ఇది 4.4 కిలోలే. లాగినప్పుడు సాధారణ పోత ఇనుము 200, 250 మెగాపాస్కల్‌ల వద్ద తెగిపోతుంది. ఇది 900 వరకు నిలుస్తుంది. ఉప్పునీటికి తుప్పు పట్టదు. ఎముకకు తోడుగా అమర్చితే శరీరం సహిస్తుంది. కనుకనే విమానాలకు, ఉపగ్రహాల ఇంధనపు తొట్లకు, కృత్రిమ తుంటి కీళ్లకు దీనిని వాడుతారు. 1973లో హైదరాబాదులో స్థాపితమైన మిధాని సంస్థ ఇట్టి మిశ్రలోహాలను తయారుచేస్తున్నది.

ఇంతవరకు వింటే పోత ఇనుము ఓడినట్లే తోస్తుంది. అయితే దాని లోపలికి చూడండి. అందులోని కర్బనం గ్రాఫైట్ రేకులుగా పరచుకొని ఉంటుంది. లాగినప్పుడు ఆ రేకుల అంచులే పగుళ్లకు మొదలు. నొక్కినప్పుడు మాత్రం అదే లోహం మూడు, నాలుగు రెట్ల బలం చూపుతుంది. పైగా ఆ రేకులే కంపనాలను అణచివేస్తాయి. లేత్ యంత్రపు పీఠం పోత ఇనుముతో చేయడానికి ఇదొక ముఖ్య కారణం. అదే ఆకారంలో టైటానియంతో చేసినా వంగడంలో పెద్ద తేడా ఉండదు. అదురు మాత్రం అంత త్వరగా అణగదు. ఇక ఉష్ణవాహకతలో టైటానియం మిశ్రలోహం పోత ఇనుములో సుమారు ఏడవ వంతే. దానితో దోసె పెనం చేస్తే మంట తగిలిన చోట మాడి, పక్కన పచ్చిగా మిగులుతుంది.

తయారీలోనూ భేదమున్నది. పోత ఇనుము సుమారు 1200 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి, ఇసుక అచ్చు మూలమూలకూ పారుతుంది. టైటానియానికి 1600 డిగ్రీలు దాటాలి. కరిగినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను, నత్రజనిని పీల్చుకొని పెళుసవుతుంది గనుక శూన్యంలో కరిగించాలి. 1791లో విలియం గ్రెగర్ కనుగొన్న ఈ మూలకం, 1940 ప్రాంతంలో విలియం క్రోల్ మెగ్నీషియంతో వేరుచేసే పద్ధతిని రూపొందించిన తరువాతనే పరిశ్రమకు అందింది. దాని వెలలో అధికభాగం ఈ శ్రమకు చెల్లించే మూల్యమే.

తల్లిదండ్రులకు ఒక మనవి. లాగి చూస్తే లోపమనిపించిన గ్రాఫైట్ రేకే యంత్రపీఠానికి ప్రాణమైనది. మార్కులనే ఒక్క పరీక్షతో లాగి చూచి, బిడ్డను పెళుసని నిర్ణయించకండి. ఏ పనికి తగినవాడో తెలుసుకొనేవరకు ఓపిక పట్టండి.