బరువు తగ్గించే శస్త్రచికిత్స - జీర్ణవ్యవస్థ క్యాన్సర్లు



"ఊబకాయానికి ఆపరేషన్ చేయించుకుంటే క్యాన్సర్ వస్తుందట" అనే వారున్నారు. "ఆపరేషన్ అయిపోయింది, ఇక క్యాన్సర్ భయం లేదు" అనే వారూ ఉన్నారు. ఈ రెండు మాటల్లో నిజమెంతో ఈరోజు తెలుసుకుందాం.

ముందుగా ఊబకాయానికీ క్యాన్సర్‌కూ గల సంబంధం చూద్దాం. శరీరంలో కొవ్వు అతిగా చేరితే రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. కణజాలంలో స్వల్పస్థాయి వాపు ఏళ్ల తరబడి కొనసాగుతుంది. ఇవి కణాలు అదుపు తప్పి విభజన చెందడానికి తోడ్పడతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో అధిక కొవ్వుతో ముడిపడిన 13 రకాల క్యాన్సర్లను గుర్తించింది. అన్నవాహికలో ఒక రకం క్యాన్సర్, జీర్ణాశయం పైభాగం, పెద్దపేగు, కాలేయం, పిత్తాశయం, క్లోమం క్యాన్సర్లు వాటిలో ఉన్నాయి.

ఇక శస్త్రచికిత్స విషయానికి వద్దాం. ఇందులో రెండు పద్ధతులు ముఖ్యమైనవి. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని సుమారు 80 శాతం తొలగించి, మిగిలిన భాగాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన చిన్న సంచిని ఏర్పరచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మిగతా జీర్ణాశయం లోపలే ఉంటుంది కానీ ఆహారం అందులోకి వెళ్లదు.

మరి క్యాన్సర్ ముప్పు పెరుగుతుందా, తగ్గుతుందా? 2013లో స్వీడన్ పరిశోధకులు, ఆపరేషన్ చేయించుకున్నవారిలో పెద్దపేగు క్యాన్సర్ సాధారణ జనాభాలో కంటే ఎక్కువగా ఉందన్నారు. ఇది ఆందోళన కలిగించింది. 2020లో ఫ్రాన్స్‌లో పది లక్షలకు పైగా ఊబకాయుల వివరాలు పరిశీలించారు. ఆపరేషన్ చేయించుకోని ఊబకాయులలో ఈ ముప్పు సాధారణ జనాభాకంటే 34 శాతం ఎక్కువ. చేయించుకున్నవారిలో సాధారణ జనాభాతో సమానం. అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్లు కూడా ఆపరేషన్ తర్వాత తక్కువగానే ఉన్నాయని 2023 నాటి మరో ఫ్రెంచి అధ్యయనం తెలిపింది.

కాబట్టి ఇలాంటి వార్త చదివినప్పుడు "ఎవరిని ఎవరితో పోల్చారు? ఎన్నేళ్లు గమనించారు?" అని తప్పక అడగండి. ఇవి లాటరీ వేసి జనాన్ని విడదీసి చేసిన ప్రయోగాలు కావు. ఆపరేషన్‌కు ముందుకొచ్చేవారు ఇతర విషయాల్లోనూ ఆరోగ్యవంతులై ఉండవచ్చని మరవకూడదు.

అయితే ముప్పు తగ్గడం వేరు, లేకపోవడం వేరు. స్లీవ్ తర్వాత కొందరిలో జీర్ణాశయంలోని ఆమ్లం పైకి తన్నుతుంది. ఆ మంట ఏళ్ల తరబడి ఉంటే అన్నవాహిక లోపలి పొర మారిపోవచ్చు. ఈ మార్పు కొద్దిమందిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. బైపాస్ తర్వాత విడిగా మిగిలిన జీర్ణాశయానికి మామూలు ఎండోస్కోపీ గొట్టం చేరదు. అందువల్ల అక్కడి వ్యాధిని గుర్తించడం కష్టం.

ఇంకొక చిక్కు ఉంది. అకారణంగా బరువు తగ్గడం క్యాన్సర్ లక్షణం. ఆపరేషన్ అయినవారు బరువు తగ్గితే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారే తప్ప అనుమానించరు. బరువు నిలకడగా ఉన్న కొన్నేళ్లకు మళ్లీ అకారణంగా తగ్గినా, మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా, వాంతులు ఆగకపోయినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి. పాత ఆపరేషన్ సంగతి, ఏ పద్ధతిలో జరిగిందన్న వివరం తప్పక చెప్పాలి.

మీ ఇంట్లోనో బంధువుల్లోనో ఇలాంటివారుంటే ఈ ఒక్క మాట చెప్పండి: ఆపరేషన్ బరువును తగ్గిస్తుంది, ముప్పునూ తగ్గించవచ్చు. కానీ ఆ తర్వాత జాగ్రత్తగా ఉండాల్సింది మనమే.