ఒకేమారు నూరు ప్రశ్నలు

ఉప్పునకొకమారు, పప్పునకొకమారు, చింతపండునకు మరియొకమారు అంగడికి పోవు గృహస్థుడు ఉండడు. చీటీ వ్రాసికొని ఒకేమారు పోవును. అంతర్జాలమున వెదకునపుడు మాత్రము మనము ఈ చిన్న వివేకమును మరచుచుందుము. ఒక మాట టైపు చేయుదుము, ఫలితము చూతుము, మరల ఇంకొక మాట. పది మాటలకు ఇది చాలును. నూరు మాటలకు చాలదు. ప్రశ్నలన్నిటిని పట్టికగా వ్రాసి యంత్రమునకు ఒకేమారు అప్పగించు పద్ధతిని బ్యాచ్ సెర్చ్ అందురు.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1964లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము ‘మెడ్లార్స్’ అను ఏర్పాటును ప్రారంభించినది. వైద్య వ్యాసముల వివరములు అయస్కాంతపు టేపుపై ఉండెడివి. ఒక్క వైద్యుని ప్రశ్నకై టేపునంతయు త్రిప్పుట దండుగ గనుక, అనేకుల ప్రశ్నలను ప్రోగుచేసి ఒక్క విడతలో నడపెడివారు. జవాబు టపాలో చేరుటకు వారములు పట్టెడిది. 1971లో ‘మెడ్‌లైన్’ వచ్చిన పిమ్మట అప్పటికప్పుడే జవాబు దొరకనారంభించినది. అయినను చీటీ విలువ తగ్గలేదు.

కొంతకాలము క్రిందట, పాత తెలుగు రచయితల పుస్తకములు ఇంటర్నెట్ ఆర్కైవులో ఏవేవి ఉన్నవో మాకు తెలియవలసి వచ్చినది. నూట ఇరువది పేర్లను తెలుగు లిపిలో వరుసకొకటి వంతున వ్రాసి, రాత్రి యంత్రమునకు అప్పగించితిమి. తెల్లవారుసరికి సగమునకు పైగా పేర్ల కెదుట సున్న. ఆ సున్నలను నమ్మి, ఒక శ్రోతకు ‘మీ తాతగారి పుస్తకము లేదు’ అని జాబు కూడ వ్రాసితిమి.

తప్పు మాదే. భారత డిజిటల్ గ్రంథాలయమునుండి అచ్చటికి చేరిన పెక్కు తెలుగు పుస్తకముల పేర్లు రోమను లిపిలో నున్నవి. దీర్ఘమునకు అచ్చును రెండుమార్లు వ్రాసినవి కొన్ని, ఒక్కమారే వ్రాసినవి కొన్ని. తెలుగు లిపిలో అడిగిన ప్రశ్నకు అవి ఎట్లు పలుకును? ఒక్కొక్క పేరునకు నాలుగైదు రూపములు వ్రాసి మరల వెదకితిమి. తాతగారి పుస్తకము మూడవ రూపమున దొరకినది. క్షమాపణతో రెండవ జాబు వ్రాసితిమి.

నాటినుండి మేము కొన్ని నియమములు పాటించుచున్నాము. పట్టికలో ప్రతి ప్రశ్నకు ఒక సంఖ్య నిత్తుము. మొత్తము నడపుటకు ముందు ఐదు ప్రశ్నలతో పరీక్షింతుము; వానిలో ఒకటి జవాబు ముందే తెలిసినదై యుండవలెను. అది దొరకనిచో దోషము పట్టికలోనో, పద్ధతిలోనో ఉన్నదన్నమాట.

ప్రశ్నకు ప్రశ్నకు నడుమ వ్యవధి యుంచుట మర్యాద. అవతలి యంత్రము మనకొక్కరికే సొంతము కాదు. ‘పబ్‌మెడ్’ను నడపు సంస్థ, ప్రత్యేకమైన తాళపు సంకేతము లేనివారు ప్రోగ్రాము ద్వారా క్షణమునకు, అనగా సెకనుకు, మూడు ప్రశ్నలకు మించి పంపరాదని నియమించినది, పెద్ద పనులను అమెరికా తూర్పు ప్రాంతపు కాలమానమున రాత్రి 9 గంటలకు, ఉదయము 5 గంటలకు మధ్యగాని, వారాంతమునగాని చేసికొమ్మని కోరినది. 429 అను అంకె తిరిగి వచ్చినచో ‘మితిమీరి అడుగుచున్నారు’ అని అర్థము. అపుడు ఆగవలెను, వ్యవధిని పెంచి మరల ఆరంభింపవలెను.

వచ్చిన జవాబును వచ్చినట్లే ఫైలులో వ్రాయించుకొనవలెను. నడుమ విద్యుత్తు పోయినను, ఆగినచోటినుండి సాగింపవచ్చును. ఒకే పుస్తకము పలు రూపములకు చిక్కును గనుక, పేరును బట్టి కాక, దానికిచ్చిన గుర్తింపు సంఖ్యను బట్టి ఏరివేయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, సున్నను విఫలమును వేరుచేయుట. అడుగగా దొరకనిది వేరు, తంతి తెగి అడుగనే అడుగనిది వేరు. రెండింటిని ఒకే గడిలో వ్రాసినచో పట్టిక అబద్ధమాడును. మేమిపుడు ‘లేదు’ అని వ్రాయుట మానితిమి. ‘ఈ రూపములతో, ఈ తేదీన దొరకలేదు’ అని వ్రాయుచున్నాము.