బడి వంట పొయ్యి కాడికి కోర్టు ఎట్ల వచ్చింది

(సమాఖ్యల వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పటికే విన్నారు. మాకు ఇచ్చిన అంశం కోర్టులు, రాజ్యాంగ హక్కులు. మన దిక్కు కోర్టు అంటే భూమి పంచాయితీ, లేకుంటే పోలీసు కేసు. కోర్టు మెట్లు ఎక్కొద్దని ఇంట్ల పెద్దలు చెప్పిన మాటే మనకు గుర్తుంటది. కానీ ఇక్కడ బడి వంట చేసే సంఘాల అక్కలు చాలామంది కూర్చున్నరు. వాళ్లు రోజూ ముట్టించే పొయ్యి వెనుక ఒక కోర్టు ఉత్తర్వు ఉన్నది. ఆ ముచ్చటే చెప్తం.

2001లో రాజస్థాన్‌లో జనం కరువుతో పస్తులుంటే ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుండె. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ వేసింది. రాజ్యాంగం 21వ అధికరణం బతికే హక్కు ఇచ్చింది, తిండి లేకుంటే బతుకు ఎక్కడిది అన్నది వాళ్ల వాదన. ఆ ఏడు నవంబర్ 28న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో పిల్లలకు వండిన అన్నమే పెట్టాలె. కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదిలో 200 రోజులకు తగ్గొద్దు. అంతకుముందు నెలకు 3 కిలోల బియ్యం ఇంటికి ఇచ్చేవాళ్లు, పెద్ద వయసు అక్కలకు యాదికుంటది.

ఉత్తర్వు రాంగనే పొయ్యి అంటుకోలేదు. చాలా రాష్ట్రాలు గడువు దాటేసినయి. అమలు చూసి తనకు చెప్పడానికి కోర్టు 2002లో కమిషనర్లను పెట్టింది. వారిలో ఒకరు ఎస్.ఆర్. శంకరన్ గారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెట్టి విముక్తికి పాటుపడ్డ ఐఏఎస్ అధికారి. మన దగ్గర 2003 జనవరిలో వంట మొదలైంది. చాలా చోట్ల అప్పటి డ్వాక్రా సంఘాలకే అప్పజెప్పారు. వంటవాళ్ల నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో కోర్టు మళ్లీ చెప్పింది. ఆ మాట ఎందుకు చెప్పాల్సి వచ్చిందో ఊర్లల్ల ఉండే మనకు వేరే వివరించే పని లేదు. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టంలో బడి భోజనం పిల్లల హక్కుగా చేరింది.

పిల్లల హక్కు సరే. వండిన మనిషి సంగతేంది? కూరగాయలు, పప్పు, నూనె కిరాణం దుకాణంలో ఉద్దెర తెచ్చి, బిల్లు ఎప్పుడొస్తదా అని ఎదురుచూసే సంఘాలు మనలో ఉన్నయి. సంఘం అప్పు తీసి బడి వంట నడిపిన అక్కలు కూడా ఉన్నరు. మా లెక్కలో ఇది ఆ అక్కలు సర్కారుకు వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే.

దీనికీ రాజ్యాంగంలో జవాబు ఉన్నది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982 ఏషియాడ్ ఆటల కోసం ఢిల్లీలో కట్టడాలు కట్టిన కూలీలకు చట్టం ప్రకారం కూలి దక్కడం లేదని ఒక సంఘం జస్టిస్ భగవతికి ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నది. ఆకలికి తట్టుకోలేక మనిషి తక్కువ కూలికి ఒప్పుకున్నా సరే, కనీస వేతనం కంటే తక్కువ ఇస్తే అది వెట్టే అని తీర్పు చెప్పింది. ప్రైవేటు కాంట్రాక్టరు అట్ల చేసినా ఆపించే బాధ్యత ప్రభుత్వానిదే అన్నది. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని వలసపోయిన పాలమూరు ఇండ్లకు ఈ తీర్పు తెలియాలె.

2020 డిసెంబర్‌లో అలహాబాద్ హైకోర్టు, నెలకు 1000 రూపాయలకు బడిలో వంట చేసిన ఒక మహిళ కేసులో ఇదే సూత్రం పట్టుకొని, కనీస వేతనం ఇవ్వాలన్నది. అది ఉత్తరప్రదేశ్ తీర్పు, ఇక్కడ నేరుగా చెల్లదు. కానీ మన హైకోర్టు ముందు చూపించుకోవచ్చు.

హక్కుకు భంగం కలిగితే 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు పోవచ్చు. చేయాల్సిన పని చేయని అధికారిని ‘చెయ్యి’ అని కోర్టు ఇచ్చే ఆజ్ఞను మాండమస్ అంటరు. అయితే జడ్జి ముందుగాల అడిగేది, మీరు ఆ అధికారిని అడిగిన్రా, కాగితం ఏది అని. నోటి మాట అక్కడ నిలవదు. సంఘం తీర్మానం, పిల్లల హాజరు, బిల్లుల నకళ్లు, ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి రసీదు, ఇవన్నీ ఉండాలె. ఏ బిల్లు ఎక్కడ ఆగిందో సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో చెప్పాలె.

వకీలు ఫీజుకు భయపడొద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉన్నది. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు 2022 నుంచి సొంత జిల్లా కోర్టులు ఉన్నయి, న్యాయ సలహా కోసం మహబూబ్‌నగర్ దాక పోయే పని లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగొచ్చు. 15100కు ఫోన్ చేయొచ్చు. హైకోర్టు కేసులకు హైదరాబాద్‌లో వేరే కమిటీ ఉన్నది. కేసు ఆలస్యమైతది, అది మేము దాచం. తీర్పు వచ్చినంక కూడా అమలు కోసం మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తది.

ఒక్క సంఘం పోతే రేపు వంట తీసేస్తరేమో అనే భయం ఉంటది, అందుకే సమాఖ్య పేరున పోదామని మా ప్రతిపాదన. మీ మండలంలో బడి వంట చేసే సంఘాలు ఎన్ని, ఎవరికి ఏ నెల నుంచి బిల్లు ఆగింది, కిరాణంలో బాకీ ఎంత, ఇవన్నీ వీఓ వారీగా రాసి వచ్చే నెల ఈసీ మీటింగుకు పట్టుకరండి.