నల్లా బిల్లు లెక్క మన ముందట పెట్టాలె

(అమీర్‌పేటలో హాస్టల్ విద్యార్థులు, బస్తీవాసులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలు అనుకుంట కొట్లాడినోళ్లం మనం. నియామకాల గురించి అమీర్‌పేటలో కొత్తగ చెప్పనక్కర లేదు. మైత్రీవనం చుట్టూ గోడల నిండ కోచింగ్ సెంటర్ల బోర్డులే. నిధుల మీద అసెంబ్లీలో లొల్లి నడుస్తనే ఉంటది. నీళ్లు అనంగనే మాత్రం మనకు కాలువలు, ప్రాజెక్టులు, టీఎంసీలే యాదికొస్తయి. పంజగుట్ట నల్లాలో పడే నీళ్లు గూడ నీళ్లే గదా! ఆ నీళ్లకు ధర ఎవరు నిర్ణయిస్తున్నరు, ఏ లెక్కన నిర్ణయిస్తున్నరు అన్నది ఇయ్యాల మాట్లాడుకుందాం.

ముందుగాల ఈ నీళ్లు ఎక్కడియో చూడాలె. 1908లో మూసీ వరద పట్నాన్ని ముంచినంక గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టిండ్రు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినయి. గండిపేట నీళ్లు మిట్ట నుంచి పల్లానికి వాటంతట అవే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వచ్చేటియి. మోటరు లేదు, కరెంటు బిల్లు లేదు. పట్నం పెరిగింది. మంజీర వచ్చింది, సింగూరు వచ్చింది. 2004లో కృష్ణా నీళ్లు, 2015లో గోదావరి నీళ్లు వచ్చినయి.

ఇక్కడ్నే లెక్క మారింది. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. ఎల్లంపల్లిది 148 మీటర్లు. హైదరాబాద్ ఏమో 500 మీటర్ల పైన ఉన్నది. నది పల్లంలో ఉన్నది, మనం మిట్ట మీద ఉన్నం అని ఉద్యమంలో ఊరూరా చెప్పినం. ఆ మాట పట్నానికి గూడ వర్తిస్తది. 100 కిలోమీటర్లకు పైగా పైపులు వేసి, 300 మీటర్లకు పైగా ఎత్తిపోస్తేనే మన సంపులోకి చుక్క వస్తది. కాబట్టి నల్లా బిల్లు వెనుక పెద్ద కరెంటు బిల్లు ఉన్నది. నీళ్లు ఆకాశం నుంచి పడుతయి, పైసలెందుకు అనేటోళ్లకు ఇదే జవాబు.

1989 నవంబర్ 1న జలమండలి ఏర్పడ్డది. 1990లో ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది. ఖర్చును వాడకందార్ల నుంచే రాబట్టాలె అనే సూత్రం అసొంటి అప్పుల ఎంబడే వచ్చింది. బోర్డు రేటు ఎట్ల కడుతది? కరెంటు, జీతాలు, అప్పుల వాయిదాలు, మరమ్మతులు కూడుతది. పైపులు పగిలి కారిపోయిన నీళ్ల ఖర్చు గూడ అండ్లనే ఉంటది. తర్వాత మనను వరుసలుగ విడదీస్తది: బస్తీ, ఇల్లు, అపార్ట్‌మెంటు, వ్యాపారం, పరిశ్రమ. వాడకం పెరిగిన కొద్ది రేటు పెరిగే స్లాబులు పెడుతది. ప్రతిపాదన బోర్డుది, ఆమోదం ప్రభుత్వానిది. ఆ బోర్డుకు చైర్మన్ ముఖ్యమంత్రే. అంటే అడిగేది, ఒప్పుకునేది ఒకే బల్ల కాడ. బిల్లు కట్టే మనకు ఆ బల్ల కాడ కుర్చీ లేదు.

2011 యాది చేసుకోండ్రి. సకల జనుల సమ్మె 42 రోజులు నడిచి అక్టోబర్ 24న ఆగింది. డిసెంబర్‌లో నల్లా రేట్లు సవరించిండ్రు. ఇంటి కనెక్షన్‌కు తొలి 15 కిలోలీటర్ల దాకా కిలోలీటర్‌కు 10 రూపాయలు, బస్తీకి 7 రూపాయలు. కిలోలీటర్ అంటే వెయ్యి లీటర్లు. దాని మీద మురుగు సెస్సు 35 శాతం. 15 కిలోలీటర్లు వాడిన ఇంటికి నీళ్లకు 150, మురుగుకు 52 రూపాయల 50 పైసలు, మొత్తం 202 రూపాయల 50 పైసలు. ఇది మోయలేని బరువేం కాదు. బరువంతా నల్లా రానోని మీద ఉన్నది.

బల్కంపేట ఎల్లమ్మ బావిలో వెలిసిన తల్లి. ఆ ఊట నీళ్లను ఇప్పటికీ తీర్థంగ తీసుకుంటం. అదే ఎల్లమ్మ గుడి చుట్టుపట్ల ఎండకాలం వస్తే ట్యాంకర్లు వరుస కడుతయి. 2024 వేసవిలో జలమండలి 5 వేల లీటర్ల ట్యాంకర్‌కు ఇంటి అవసరానికైతే 500, వ్యాపారానికైతే 850 రూపాయలు తీసుకున్నది. నల్లాలో 10 రూపాయల నీళ్లు ట్యాంకర్‌లో 100 అయినయి. వ్యాపారం లెక్కన 170 అయినయి. ప్రైవేటు ట్యాంకర్ సంగతి మీకే ఎరుక.

ఆ 170 ఎవరు కడుతరు? మేం డిగ్రీ అయినంక ఇక్కడ హాస్టల్లో ఒక్క రూములో ముగ్గురం ఉన్నం. ఏప్రిల్ రాంగనే నోటీసు అంటించిండ్రు, నీళ్ల ఖర్చు కింద ఫీజు పెంచినమని. పొద్దున నాలుగు గంటలకు లేచి బకెట్ నింపుకున్నోడే స్నానం చేసేది. పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాద్ నుంచి నౌకరి కోసం వచ్చిన పిల్లగాడు జలమండలి ఖాతాలో ఎక్కడా ఉండడు, ధర మాత్రం అందరి కంటే ఎక్కువ వాడే కడుతడు.

2021 జనవరి 12 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం చేసిండ్రు. దక్షిణాఫ్రికా 2001లోనే ఇంటికి 6 వేల లీటర్ల ఉచిత విధానం తెచ్చింది. మంచిదే, వద్దనం. కని ఆ పథకం ఇంటి కనెక్షన్లకు, ఆధార్ కలుపుకున్నోళ్లకు. వ్యాపారం కింద పడ్డ హాస్టల్‌కు రాదు. ఉచితమన్నంత మాత్రాన మోటర్లు ఉత్తగ తిరగవు. ఆ పైసలు ప్రభుత్వం బోర్డుకు కట్టకుంటే పగిలిన పైపు పగిలినట్టే ఉంటది.

కరెంటుకు 1999లో నియంత్రణ కమిషన్ వచ్చింది. కంపెనీలు తమ ఖర్చు లెక్క బయట పెట్టాలె, ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, బహిరంగ విచారణలో నిలబడి అడగొచ్చు. కమిషన్ ఉన్నా 2000లో చార్జీలు పెరిగినయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలిచ్చిండ్రు. కాబట్టి విచారణ ఒక్కటే సర్వరోగ నివారిణి అని మేం అనం. లెక్క చేతిలో ఉంటేనే కొట్లాట సూటిగ సాగుతది. నల్లాకు ఆ పాటి తలుపు గూడ లేదు.

మనం అడిగేది రేటు ఎన్నడూ పెంచొద్దని గాదు. జలమండలి ఖర్చు, కారిపోయిన నీళ్లు, ట్యాంకర్ల రాబడి ఏటేటా తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయాలె. రేటు ముట్టుకునే ముందు ప్రతి డివిజన్‌లో విచారణ పెట్టాలె. విద్యార్థుల హాస్టళ్లకు వేరే వరుస పెట్టాలె, ఆ తగ్గింపు ఫీజు రసీదులో కనపడాలె. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. అడిగే హక్కు దానితోనే వచ్చింది. వచ్చే నెల బిల్లు కట్టే ముందు ఒక్కసారి వెనుకకు తిప్పి చూడండ్రి, ట్యాంకర్ రసీదులు దాచిపెట్టండ్రి. ఆ కాగితాలతోనే ఖైరతాబాద్ ఆఫీసుకు పోదాం.

జై తెలంగాణ!