రైతు గుండెకు రక్షణ
(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పైరుకు తెగులు సోకినప్పుడు ఏమి చేయవలెనో చెప్పుట నా వృత్తి. నేడు ఆ పైరును పండించు మనిషిని గురించి నాలుగు మాటలు చెప్పదలచితిని.

గుండెజబ్బు పట్టణములలో కూర్చుండి పనిచేయువారికే వచ్చునని మన పల్లెలలో ఒక నమ్మకము కలదు. ఇది సరికాదు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఏడాదిపాటు మరణములకు కారణములను పరిశీలించిరి. నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల జబ్బుల వలననే సంభవించినట్లు తేలినది. అవి మనవంటి వారి పల్లెలే.

జబ్బు వచ్చు విధము

బిందుసేద్యపు గొట్టములలో ఉప్పు, పాచి పేరుకొని నీరు సన్నగిల్లుట మీరు చూచియుందురు. గుండెకు రక్తము తెచ్చు నాళముల గోడలలో కూడ ఇట్లే ఏండ్ల తరబడి కొవ్వు పేరుకొనును. ఒకనాడు ఆ పూడిక చిట్లి, దానిపై రక్తము గడ్డకట్టి, నాళము మూసుకొనిపోవును. రక్తమందని గుండె కండ నీరందని మడివలె చచ్చును. ఇదే గుండెపోటు. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహము, రక్తములోని చెడు కొవ్వు ఈ పూడికను త్వరపరచును.

ముందు పరీక్ష

మట్టిని పరీక్షించక ఎరువు వేయవద్దని మేము చెప్పుచుందుము. శరీరమునకును అదే సూత్రము. రక్తపోటు ఎక్కువైనను చాలమందికి బాధ తెలియదు, కొలిచినగాని బయటపడదు. 30 ఏండ్లు దాటినవారు, ఆడవారైనను మగవారైనను, ఆరోగ్య ఉపకేంద్రములోగాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోగాని రక్తపోటు, చక్కెర పరీక్షలు ఉచితముగా చేయించుకొనవచ్చును. రక్తపోటు 140/90 గాని అంతకు మించి గాని పలుమార్లు కనబడినచో వైద్యుని సలహా పొందవలెను.

మాత్రలు మొదలిడిన తరువాత "బి.పి. తగ్గినది గదా" యని మానివేయువారు పెక్కుమంది. తగ్గినది మాత్ర వలననే. వైద్యుడు చెప్పనిదే ఆపరాదు. నాట్లు, కోతల రోజులలో ఆసుపత్రికి పోవ తీరికుండదు. కావున ఆ నెలకు సరిపడు మాత్రలు ముందే తెచ్చి ఉంచుకొనుడు.

ఇంటిలో చేయవలసినవి

1. ఉప్పు: మనిషికి రోజుకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదు. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములన్నమాట. ఊరగాయ, అప్పడము, ఉప్పుచేప, మజ్జిగ మిరపకాయలలోని ఉప్పును కూడ ఈ లెక్కలోనే కలుపవలెను.

2. పొగాకు: చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ అన్నియు గుండెకు చేటే. పొగ మానిన ఏడాదికే గుండెజబ్బు ముప్పు, త్రాగుచున్నవానితో పోల్చిన, సుమారు సగమునకు తగ్గును. మద్యము రక్తపోటును పెంచును, మానుట మేలు.

3. తిండి: రోజుకు 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినవలెను. పండించిన కూరలన్నియు సంతకు తోలక, పెరటిలో ఆకుకూరలు, గట్లపై కంది ఇంటికొరకు ఉంచుకొనుడు. అన్నము కొంత తగ్గించి పప్పు పెంచుడు. వనస్పతి, మరలమరల కాచిన నూనె వాడకుడు.

4. శ్రమ: పార పట్టిన చేతికి వేరే వ్యాయామమక్కరలేదు. కాని నేడు ట్రాక్టరు దున్నుచున్నది, యంత్రము కోయుచున్నది, చేనికి మోటారుసైకిలుపై పోవుచున్నాము. వారమునకు 5 రోజులు, రోజుకు అరగంట వడిగా నడువవలెను.

నొప్పి వచ్చినప్పుడు

రొమ్ము నడుమ బరువు, బిగువు. ఎడమచేతికి, దవడకు, వీపునకు ప్రాకు నొప్పి. చల్లని చెమట, ఆయాసము - ఇవి గుండెపోటు గుర్తులు. స్త్రీలలోను, మధుమేహము గలవారిలోను నొప్పి లేక ఆయాసము, నీరసము, వాంతి మాత్రమే ఉండవచ్చును. గ్యాసని సోడా త్రాగి పడుకొనరాదు. నడువరాదు, బండి తానే నడుపరాదు. వెంటనే 108కి కబురంపవలెను. గడ్డను కరిగించు ఇంజక్షనుగాని, నాళమును తెరచు చికిత్సగాని మొదటి గంటలలోనే ఎక్కువ మేలుచేయును. గుండెపరీక్ష యంత్రము, ఈ చికిత్సయు గల ఆసుపత్రి మీకు దగ్గరలో ఎక్కడ ఉన్నదో ఈ వారమే విచారించి, ఇంటిల్లిపాదికి చెప్పియుంచుడు.

కోత సగములో నున్నదని సాయంత్రము వరకు ఆగవద్దు. మిగిలిన చేను రేపు కోయవచ్చును. చచ్చిన గుండె కండ తిరిగి మొలవదు.