పాత కారుకు కొత్త దీపం
(దర్శిలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసిందంతా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "చేతికి పనికొచ్చే సంగతేదైనా చెప్పండి" అన్నారు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. నాకు బాగా వచ్చిన పనులు రెండే. ఒకటి ఫైలు మీద నోటు పెట్టడం. దానితో ఇప్పుడెవరికీ పని లేదు. రెండోది పాత కారుకు హెడ్‌లైటు మార్చుకోవడం. కాబట్టి ఆ రెండోదే చెబుతాను.

నా దగ్గరున్నది 1994 నాటి అంబాసిడర్. 2008లో రిటైరయ్యాక గ్రాట్యుటీ డబ్బులో కొంత పెట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆ కార్లు కలకత్తా దగ్గర ఉత్తరపారలో తయారయ్యేవి. 2014లో ఆ ఉత్పత్తే ఆగిపోయింది. సొంత కారుకు మొదటి పదిహేనేళ్లు గడిచాక ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి గదా. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకున్నట్లే, మా బండి కూడా 2009లో, 2014లో, 2019లో, 2024లో "బతికే ఉన్నాను" అని చెప్పుకొని వచ్చింది.

"పాత బండి, పాత మనిషి, రాత్రిపూట బయటికి తీయడమెందుకు?" అని మా కోడలు అంటుంది. న్యాయమైన మాటే. కాని గుండెనొప్పి పగలు చూసుకొని రాదు. పెద్ద డాక్టరు కావాలంటే ఒంగోలుకు పోవలసిందే. పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ సరేసరి. పైగా మన రోడ్ల సంగతి మీకు నేను చెప్పాలా? మిరప కోతల కాలంలో టిక్కీలు ఎత్తుకొని గుంటూరు యార్డుకు పోయే ట్రాక్టర్లు, పత్తి బోరేలు పక్కలకు పొంగిన లారీలు రాత్రే బయలుదేరతాయి. వెనక ఎర్రదీపం ఉన్నా బస్తాల కింద కనబడదు. ఉన్నట్టుండి రోడ్డు మీద ఒక గోడ లేచినట్టుంటుంది.

మొన్నటి మాఘంలో నేనూ మా ఆవిడా ఒంగోలు నుంచి తిరిగి వస్తున్నాము. చీమకుర్తి దాటాక కుడివైపు దీపం ఠప్పున ఆరిపోయింది. ఎడమది వెలుగుతూనే ఉంది. నాకు దారి కనబడుతూనే ఉంది, కాబట్టి ఇబ్బంది లేదనే అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే. మనం రోడ్డుకు ఎడమ పక్కన పోతాము గనక కారు కుడి భాగం రోడ్డు మధ్యకు ఉంటుంది. అటు దీపం ఆరిపోతే ఎదుటివాడికి ఎడమ అంచున ఒకే ఒక్క దీపం కనబడుతుంది. ఎవడో మోటారు సైకిలు మీద ఓరగా వస్తున్నాడనుకుంటాడు. గ్రానైటు రాళ్ల లారీ ఒకటి సరిగ్గా అలాగే అనుకొని మా మీదకు వచ్చింది. ఆఖరి నిమిషంలో పక్కకు కోసుకున్నాడు. మా ఆవిడ అద్దంకి దాకా వినబడేటట్టు ఆంజనేయస్వామిని పిలిచింది. అక్కడి నుంచి దర్శి దాకా ఇండికేటర్లు రెండూ కొట్టుకుంటూ నెమ్మదిగా వచ్చాము.

మరునాడు పొద్దున్నే మెకానిక్కు కోసం చూడకుండా నేనే మార్చాను. తాలూకా ఆఫీసు రోజుల్లో జీపు డ్రైవరు చేస్తుంటే పక్కన నిలబడి చూసి నేర్చుకున్న పని అది. అంబాసిడర్‌కూ, ఆనాటి మహీంద్రా జీపుకూ దీపం ఒకటే కొలత, ఏడంగుళాల గుండ్రటిది. అమెరికాలో 1940 నుంచి కార్లన్నిటికీ ఈ కొలతే పెట్టారు. అందువల్లనే ఫ్యాక్టరీ మూతబడినా దీపం సరుకు దొరుకుతూనే ఉంది. ఒకప్పుడు అద్దమూ, లోపలి రేకూ, ఫిలమెంటూ అన్నీ కలిసి ఒకే ముద్దగా వచ్చేవి. సీల్డు బీము అనేవారు. మాడిపోతే మొత్తం పారేయాలి. 1971లో యూరప్‌లో హెచ్-4 అనే హాలోజన్ బల్బు వచ్చింది. ఇందులో బల్బు ఒక్కటే మార్చుకోవచ్చు. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, బ్రైటుకు 60 వాట్లు, డిమ్ముకు 55 వాట్లు.

ముందు జబ్బేదో తెలుసుకోవాలి. మంచి దీపంలోని బల్బు తీసి ఆరిపోయిన దాంట్లో పెట్టి చూడండి. వెలిగితే పోయింది బల్బే. వెలగకపోతే ఫ్యూజు, ఆ తర్వాత వైర్లు చూడాలి. దీపం పూర్తిగా ఆరకుండా గుడ్డిగా వెలుగుతుంటే మాత్రం సాధారణంగా ఎర్త్ వైరు చివర తుప్పు పట్టి ఉంటుంది. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోతుంది. బల్బు కొనే ఖర్చు కూడా ఉండదు.

పని మొదలుపెట్టే ముందు దీపాలు ఆర్పి, బండి చల్లబడనివ్వాలి. మా బండికి బయటి మెరుగు రిమ్ము అడుగున ఒక స్క్రూ ఉంది. ముప్ఫై ఏళ్ల దుమ్మూ తుప్పూ పట్టి ఉంటుంది గనక రెండు చుక్కలు కిరసనాయిలు వేసి కాఫీ తాగి రండి. బలవంతం చేస్తే తల అరిగిపోతుంది. రిమ్ము ఊడాక లోపల ఇంకో రింగు, దానికి మూడు చిన్న స్క్రూలు ఉంటాయి. అవి వదులు చేయాలి. పైన ఒకటి, పక్కన ఒకటి పొడుగు స్క్రూలు కనబడతాయి. వాటి జోలికి పోవద్దు. అవి దీపం చూపును అటూ ఇటూ తిప్పేవి. ఎందుకు పోవద్దంటున్నానో తర్వాత చెబుతాను.

అద్దం చేతిలోకి వచ్చాక వెనక మూడు పుల్లల ప్లగ్గు లాగి, రబ్బరు టోపీ తీసి, స్ప్రింగు క్లిప్పు తప్పిస్తే బల్బు బయటికి వస్తుంది. కొత్త బల్బుకు మూడు చెవులుంటాయి. ఒకటి మిగిలిన రెండింటికంటే వెడల్పు. అది తన గాడిలోనే కూర్చుంటుంది, ఇంకో రకంగా పెడదామన్నా కూర్చోదు. గాజును మాత్రం వేళ్లతో ముట్టుకోకండి. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ కాగి, బల్బు త్వరగా పోతుంది. అంటితే స్పిరిటులో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మారుతి 800 ఉన్నవారికి ఇంత తతంగం లేదు. బానెట్ ఎత్తి వెనక నుంచే మార్చుకోవచ్చు.

బల్బు నాకు రెండు వందల పైచిలుకుకు వచ్చింది. కొట్టులో కుర్రవాడు "తాతా, ఎల్‌.ఇ.డి. వేయించుకో, పట్టపగలల్లే ఉంటది" అన్నాడు. ఇంకొకాయన వంద వాట్ల బల్బు చూపించాడు. నేను గుమాస్తాను, లెక్క వేశాను. 60 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే 5 ఆంపియర్లు, రెండు దీపాలకు 10. వంద వాట్లవైతే పదహారుకు పైన. ముప్ఫై ఏళ్ల నాటి సన్నని వైర్లు, స్విచ్చి అంత కరెంటు మోయలేక కాగి కరుగుతాయి. ఎల్‌.ఇ.డి.కి కరెంటు తక్కువే, ఒప్పుకుంటాను. కాని మన పాత దీపం గిన్నె సన్నని ఫిలమెంటు ఉండే చోటును బట్టి చేసింది. ఆ చోట వేరే ఆకారం పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. పూర్వం బస్సులకూ లారీలకూ హెడ్‌లైటు పై సగం నల్లరంగు పూసేవారు, గుర్తుందా? ఎదుటివాడి కన్ను మీద ఆపాటి దయ ఉండేది.

ఇక ఆ పొడుగు స్క్రూల సంగతి. బల్బు మార్చగానే పని అయిందనుకుంటారు చాలామంది. దీపం ఎక్కడికి చూస్తున్నదో చూడనిదే అది సగం పనే. సాయంత్రం చీకటి పడ్డాక చదునైన నేల మీద, గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలపాలి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒక మనిషి కూర్చోవాలి. దీపం మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తున గీత గీయాలి. డిమ్ము వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు మూడంగుళాలు కిందుగా పడాలి. నూటికి ఒకటి వంతు వాలన్నమాట. పైకి పోతే పై స్క్రూతో, పక్కకు పోతే పక్క స్క్రూతో సరిచేయాలి.

మా ఇంట్లో ఈ గీత దగ్గరే పేచీ వచ్చింది. "ఏమండీ, సంక్రాంతికి సున్నం వేయించిన గోడ. దాని మీదే గీయాలా?" అన్నది మా ఆవిడ. చివరికి తనే ముగ్గు తాడు తెచ్చి అడ్డంగా కట్టింది. నా గీతకంటే అదే తిన్నగా ఉంది. ఒక మాట గుర్తుంచుకోండి. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేస్తే వెనక భాగం కుంగి, ముందు దీపాలు పైకి లేస్తాయి. అలా పోతూ ఎదుటివాళ్లు తిడుతున్నారేమిటా అనుకోవడం అన్యాయం.

మన వయసుకు ఇంకొక సంగతి. ఇరవై ఏళ్ల కుర్రవాడి కంటి లోపలికి చేరే వెలుగులో అరవై ఏళ్ల కంటికి చేరేది ఇంచుమించు మూడోవంతేనని కంటి శాస్త్రం చెబుతోంది. శుక్లాలుంటే ఆ కాస్త వెలుగూ చెదిరిపోతుంది. నాకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. అంతకు ముందు ఎదురుగా వచ్చే ప్రతి లారీ దీపం చుట్టూ గుడి కట్టినట్టుండేది. కొత్త బల్బు వేసి, తాడు కట్టి సరిచేసిన తర్వాత కూడా ఎదుటి దీపాలు చుక్కల్లా పగిలి కనబడితే చూపించుకోవలసింది కంటి డాక్టరుకు, ఎలక్ట్రీషియన్‌కు కాదు. ఎలాగూ 55 దాటినవారికి లైసెన్సు ఐదేళ్లకే ఇస్తున్నారు. ఆ మెడికల్ సర్టిఫికెట్టును తెలిసిన డాక్టరు దగ్గర ఊరికే సంతకం పెట్టించుకోకుండా, నిజంగా కళ్లు చూపించుకొని తీసుకోండి.

స్కూటరు మిత్రులు అలిగినట్టున్నారు. పాత చేతక్‌కు దీపం ఇంజను తిరుగుడును బట్టి వెలుగుతుంది. నెమ్మదిగా పోతే గుడ్డిదవడం దాని స్వభావం, బల్బు మార్చినా పోదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్తగా తయారైన బండ్లకు దీపం పగలు కూడా వెలుగుతుంది. దారిన పోయేవారు వేళ్లు ఆడించి "లైటు, లైటు" అంటే కంగారుపడవద్దు.

బండి బయట వేపచెట్టు కింద ఉంది. స్క్రూడ్రైవరూ, కిరసనాయిలు సీసా, ఒక పాత బల్బూ తెచ్చాను. చేసి చూడాలనుకున్నవారు భోజనాలయ్యాక అక్కడికి రండి. సెలవు.